మాట మోసేవాడి గోడు వినేదెవరు?

ఎర్రుపాలెం: మిర్చి కోతలు మొదలయ్యాయంటే మన వైపు చేలగట్ల మీద పట్టాలు కప్పిన గుడారాలు వెలుస్తాయి. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఎండలు ముదిరే దాకా భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఆపైన ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కూలీలు ముఠాలు ముఠాలుగా ఖమ్మం జిల్లాకు దిగుతారు. కాయ కోస్తారు, కల్లంలో ఆరబోస్తారు, తాలు వేరు చేస్తారు. వారిలో చాలామందికి తెలుగు రాదు. మన రైతుకు కోయభాష రాదు. అయినా పని ఆగదు. ఎందుకంటే ప్రతి ముఠాలోనూ రెండు భాషలూ తెలిసినవాడు ఒకడుంటాడు. రైతు అతన్ని మేస్త్రి అంటాడు. కూలీలు దాదా అంటారు, అన్న అని అర్థం.

కూలి బేరం దగ్గర నుంచి కాటా దాకా మాటలన్నీ అతని నోటి మీదుగానే నడుస్తాయి. పచ్చికాయ కోస్తున్నారని రైతు కోప్పడితే ఆ కోపం అతనే మోసుకుపోవాలి. నిన్నటి లెక్కలో తేడా వచ్చిందని ఆడకూలీ గొడవపడితే ఆ గొడవ అతనే మోసుకురావాలి. పాము కరిచినా, జ్వరం వచ్చినా, పోలీసులు వచ్చి ఆధార్ కార్డులు చూపించమన్నా ముందు పిలిచేది అతన్నే. ఇన్ని మాటలు మోసే మనిషి తాను ఎలా ఉన్నాడో అడిగినవారు మాత్రం కనిపించరు. విలేకరిగా తిరుగుతున్న నాకు కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది.

గుడారం దగ్గర జరిగింది

కొన్నేళ్ల క్రితం మార్చి నెలలో ఒక గుడారంలో రెండేళ్ల పసివాడు జ్వరంతో చనిపోయాడని కబురు వచ్చింది. వార్త కోసం వెళ్లాను. తల్లి నేల మీద కూర్చుని ఉంది. ఏమైందో అడగమని మేస్త్రికి చెప్పాను. అతను అడిగాడు. ఆమె చాలాసేపు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తి అతన్నే చూపించింది. అంతా విని అతను నా వైపు తిరిగి, రాత్రి నుంచి జ్వరమంట సార్ అన్నాడు. అంతసేపు మాట్లాడింది కదా, ఇంతేనా అన్నాను. అంతే, రాసుకోండి సార్ అన్నాడు. మళ్లీ అడగమన్నాను. మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి ఏడుస్తూ. అతను తలవంచుకుని, జ్వరమే సార్ అన్నాడు. సరిగా చెప్పడం చేతకాని మనిషి అనుకుని విసుక్కుంటూ వచ్చేశాను.

వారం తర్వాత రైల్వే స్టేషను దగ్గర టీ కొట్టులో కలిశాడు. అడగకుండానే తనే చెప్పాడు. ఆ రాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతోందని ఆమె అతన్ని నిద్ర లేపింది. ఈ చీకట్లో బండి దొరకదు, తెల్లారి పోదాం అని అతను చెప్పాడు. తెల్లారేసరికి బిడ్డ లేడు. నేను అడిగించిన ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు అదే. తెల్లారి పోదామని నువ్వే అన్నావు, నీ మాట విన్నాను అని. తన మీద పడిన ఆ నిందను అతను తన నోటితోనే తెలుగు చేసి నాకు చెప్పాలి. చెప్పలేకపోయాడు. అది తెలియక నేను రెండోసారి అడిగించాను. ఆ నెలంతా సరిగా నిద్ర పట్టలేదని, కన్ను మూస్తే ఆమె మాట కోయలో ఒకసారి, తెలుగులో ఒకసారి వినపడేదని చెప్పాడు.

ఆ మేస్త్రి పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. ఆ రోజు నేను పంపిన వార్తలో బాలుడు జ్వరంతో మృతి అని మాత్రమే ఉంది. ఇంకో మనిషి కూడా ఆ గుడారంలో దెబ్బతిన్నాడని అప్పుడు నాకు తట్టలేదు.

పేరున్న దుబాసీలు

రెండు భాషల మధ్య నిలబడి మాట చేరవేసేవాడికి తెలుగులో దుబాసీ అని పాత పేరు. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది. కుంఫిణీ రోజుల్లో మద్రాసులో తెలుగువారు ఈ పనిలో బాగా రాణించారు. ఒంగోలు వాస్తవ్యుడైన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడుగా, దుబాసీగా పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవిత చరిత్ర 1873లో అచ్చయింది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆయన యాత్ర గురించి చాలామంది పాఠాల్లో చదువుకునే ఉంటారు.

వారికి జీతం ఉంది, హోదా ఉంది, కోర్టులో కూర్చోవడానికి చోటు ఉంది. చేసే పని అదే అయినా మన మిర్చి మేస్త్రికి, ఏజెన్సీలో రోగుల వెంట తిరిగే ఆశా కార్యకర్తకు, సాక్షి పక్కన నిలబడే కోయ యువకుడికి ఆ పేరు కూడా లేదు. కొంచెం కోయ వచ్చు కదా, నువ్వు చెప్పు అంటారు. అంతే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కోయ మాతృభాషగా రాయించుకున్నవారు 4 లక్షల పైచిలుకు. తెలుగు, కోయ ఒకే కుటుంబపు భాషలు. అయినా ఒకటి వస్తే రెండోది రాదు. పోలికలు ఉన్నచోటే పొరపాట్లు ఎక్కువ. కోయలో నీళ్లను ఏర్ అంటారు. తెలుగులో ఏరు అంటే వాగు. జ్వరంతో నోరెండిన మనిషి ఏర్ ఏర్ అంటుంటే, అరకొరగా విన్నవాడు వాగు గురించి ఏదో కలవరిస్తున్నాడు అనుకోగలడు.

నోరు ఒకరిది, బాధ ఇంకొకరిది

కాగితం మీద అనువాదం చేసేవాడు తప్పు వస్తే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. నోటితో చేసేవాడికి ఆ వీలు లేదు. వినాలి, అర్థం చేసుకోవాలి, గుర్తుంచుకోవాలి, రెండో భాషలో సరైన మాట వెతుక్కోవాలి, చెప్పాలి. ఆ చెప్పేలోపే రెండో మాట వచ్చి పడుతుంది. అరక కట్టినవాడికి ఒళ్లు అలిసినట్టే వీరికి బుర్ర అలుస్తుంది. అలిసిన కొద్దీ తప్పులు పెరుగుతాయి. అందుకే ఐక్యరాజ్య సమితి వంటి పెద్ద సభల్లో ఒక్కరి మీదే భారం వేయరు. అద్దాల గదిలో జతగా కూర్చుని సుమారు అరగంటకొకసారి వంతులు మార్చుకుంటారు.

2009 సెప్టెంబరులో లిబియా నాయకుడు గడాఫీ ఆ సమితిలో ప్రసంగించాడు. ఇచ్చిన వ్యవధి 15 నిమిషాలైతే ఆయన గంటన్నర దాటి మాట్లాడాడు. ఆయన వెంట తెచ్చుకున్న అనువాదకుడు గంటా పావు గడిచాక ఇక నావల్ల కాదని చేతులెత్తేశాడని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. తర్ఫీదు పొందినవాడి పరిస్థితే అది. మన ఆశా కార్యకర్త కాన్పు నొప్పుల మనిషి పక్కన ఒక్కతే తెల్లవార్లూ నిలబడుతుంది. వంతు మార్చుకోవడానికి ఎవరూ ఉండరు.

అలసట ఒక బరువు. దానికన్నా పెద్దది రెండోది. ఈ పనిలో ఒక నియమం ఉంది. ఆమెను కొట్టారంట అని చెప్పకూడదు. ఆమె ఎలా చెప్పిందో అలాగే, నన్ను కొట్టారు అని చెప్పాలి. అప్పుడే సాక్ష్యం సాక్ష్యంగా నిలుస్తుంది. కానీ నన్ను కొట్టారు, నా బిడ్డను చంపారు అని రోజుకు పదిసార్లు తన నోటితో అంటుంటే, అది వేరేవాళ్ల మాటే అని మనసు ఊరుకోదు. వినేవాడికి ఆ బాధ చెవితో పోతుంది. చెప్పేవాడికి చెవిలో దూరి, గుండెలో తిరిగి, నోట్లోంచి రావాలి.

దక్షిణాఫ్రికాలో తెల్లవారి పెత్తనం పోయాక, జరిగిన ఘోరాలను విచారించడానికి ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. 1996 ఏప్రిల్‌లో విచారణలు మొదలయ్యాయి. అప్పట్లో ఆ దేశంలో అధికార భాషలు 11. చిత్రహింసలు పడినవారు, బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు తమ భాషలో చెప్పుకుంటుంటే, అనువాదకులు నేను, నా అంటూ అదే వేళలో మిగతా భాషల్లో చెప్పారు. చాలామంది ఆ మాటల కింద నలిగిపోయారు. ఏడుపు ఆపుకోలేకపోయినవారు, ఇంటికి పోయాక కూడా ఆ గొంతులు వదలనివారు ఉన్నారు.

అంతకు ముందు 1945 నవంబరు 20న జర్మనీలోని న్యూరెంబర్గులో హిట్లర్ అనుచరుల మీద విచారణ మొదలైంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ నాలుగు భాషల్లో ఏకకాలంలో అనువాదం నడిచింది. మాట్లాడేవాడు మరీ వేగంగా పోతే పసుపు దీపం, అసలు ఆగమంటే ఎర్ర దీపం వెలిగించేవారు. అనువాదకులను మూడు జట్లు చేసి, రెండు జట్లు వంతులవారీగా పనిచేస్తుంటే మూడో జట్టుకు ఆ రోజు విశ్రాంతి ఇచ్చేవారు. అయినా వినలేక ఆ పని నుంచి తప్పుకున్నవారున్నారు. పీటర్ లెస్ అనే అనువాదకుడి తల్లిదండ్రులు, సోదరి నాజీల చేతిలోనే చనిపోయారు. ఆ నాజీ నాయకుల మాటలనే ఆయన అక్కడ కూర్చుని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. కోపం వచ్చినా మాట మార్చడానికి వీల్లేదు.

పసుపు దీపం, ఎర్ర దీపం అన్న ఏర్పాటు చిన్నదే. కానీ మాట మోసేవాడికి కూడా ఒక హద్దు ఉందని ఒప్పుకున్న ఏర్పాటు అది.

ఆస్పత్రి మంచం పక్కన

భద్రాచలం ప్రాంతపు ఆస్పత్రులకు గోదావరి అవతలి మన్యం నుంచే కాక సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. వారి వెంట తరచూ ఒక ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, కోయ తెలిసిన ఆయాయో ఉంటారు. దుమ్ముగూడెం వైపు పనిచేసే ఒక ఆశా కార్యకర్త తన అనుభవం చెప్పింది. కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ సంగతి చెప్పమని ఆమెకు చెప్పి డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లింది. తప్పు కాదు, అక్కడ ఇంకో ప్రాణం ఉంది. డాక్టరమ్మ ఆ మాట చెప్పింది ఒకసారి. ఆశా కార్యకర్త చెప్పింది మాత్రం తల్లికి ఒకసారి, భర్తకు ఒకసారి, అత్తకు ఒకసారి, ఊరి నుంచి వచ్చినవారికి మళ్లీ ఒకసారి. ప్రతిసారీ వారి ఏడుపు ముందు ఆమే ఉంది. ఎందుకు పోయాడు అని అందరూ ఆమెనే అడిగారు. ఆ జవాబు ఆమె దగ్గర లేదు.

పైగా ఆమె బయటి మనిషి కాదు. రేపు మళ్లీ ఆ గూడేనికే వెళ్లాలి. మాత్రలు ఇవ్వాలి, రాబోయే కాన్పుకు ఆస్పత్రికి రమ్మని ఒప్పించాలి. నువ్వే తీసుకుపోయావు, నువ్వే బిడ్డ లేడన్నావు అని వారు ముఖం తిప్పుకుంటే ఆ దెబ్బ కూడా ఆమెకే. తెలుగు మాటలను మార్చడం ఒక కష్టమైతే, వెంటిలేటర్, ఆపరేషన్, క్యాన్సర్ వంటి మాటలకు కోయలో పేరే లేకపోవడం ఇంకో కష్టం. ఒక్క మాటను పది మాటల్లో విడమరచాలి. ఆ పదింటిలో ఒకటి తప్పితే ప్రాణం మీదికి వస్తుందేమో అన్న భయం వెంటాడుతుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రవాణ్ని స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. ఇంటివారు స్పానిష్‌లో చెప్పిన ఒక మాటకు, తిన్నదేదో వికటించిందని వారి భావం. ఇంగ్లీషులో అది మత్తుమందు ఎక్కువైందన్న అర్థంలో చేరింది. వైద్యం ఆ దారిలోనే నడిచింది. అసలు జబ్బు మెదడులో రక్తస్రావం. అది తెలిసేసరికి కుర్రవాడి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. పరిహారం మొత్తం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లని లెక్క వేశారు. సరైన అనువాదకుడు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పటికీ ఈ కేసునే చూపిస్తారు.

ఠాణాలో, కోర్టులో

నిందితుడికి కోర్టు భాష రాకపోతే సాక్ష్యాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా అదే చెబుతోంది. అనువాదకుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి తీరాలి. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి మాటను తర్జుమా చేసేవాడు కూడా ప్రమాణం చేయాలి. నిజం చెప్పాలని చట్టం అతన్ని కట్టేసింది, అది న్యాయమే. కానీ ఆ నిజం చెప్పి ఇంటికి పోయిన మనిషి ఆ రాత్రి ఎలా పడుకుంటాడో చట్టంలో ఎక్కడా లేదు.

ఇంకో చిక్కు ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి ఘర్షణల నుంచి పారిపోయి అనేక కుటుంబాలు మన ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. మన వైపు వారిని గుత్తికోయలంటారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ దళాలను నిలిపివేయమని ఆదేశించింది. వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అటవీ సిబ్బంది వచ్చినా, పోలీసులు వచ్చినా, మాట చెప్పడానికి రెండు భాషలు తెలిసిన యువకుణ్ని ముందుకు నెడతారు. అడవి నరకవద్దని అధికారి చెబితే, గూడెం ముఖం మీద అతనే చెప్పాలి. మమ్మల్ని వెళ్లగొడితే ఎక్కడికి పోవాలని గూడెం అడిగితే, అధికారి ముఖం మీద అతనే అడగాలి. అటు చూస్తే వీడు వాళ్ల మనిషి అంటారు. ఇటు చూస్తే వీడు సర్కారు మనిషి అంటారు. మద్దెలకు రెండు వైపులా దెబ్బలన్నట్టు, మాట ఎవరిదైనా దెబ్బ మాత్రం అతనికే.

2020 మార్చి చివర కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు మిర్చి చేలలో మేస్త్రీల పరిస్థితి ఇదే. బస్సు ఎప్పుడు, పని ఎప్పుడు, ఇంటికి ఎప్పుడు అని కూలీలు అడిగారు. అతను రైతును అడిగాడు, రైతు సర్పంచిని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. కూలీల ముందుకు ఉత్త చేతులతో వెళ్లవలసింది మేస్త్రే. ములుగు జిల్లా మిర్చి చేలలో పనిచేసి కాలినడకన బయలుదేరిన బీజాపూర్ జిల్లా బాలిక, 12 ఏళ్లది, ఆ ఏప్రిల్ 18న ఇంటికి కొద్ది దూరంలో దారిలోనే ప్రాణం విడిచింది. ఆ వార్త తెలుగులో విని కోయలో చెప్పవలసి వచ్చిన మేస్త్రీలు మన జిల్లాలోనూ ఉన్నారు.

పిల్లల నోట పెద్దల మాట

అన్నిటికన్నా కష్టం చిన్నపిల్లలది. గుత్తికోయ గూడేలలో బడికి పోయే పిల్లలే మొదట తెలుగు నేర్చుకుంటారు. అందుకని రేషను దుకాణం దగ్గర, ఆస్పత్రిలో, ఠాణాలో అమ్మానాన్నల తరఫున మాట్లాడేది ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలే. బియ్యం అడగడం వరకు ఫర్వాలేదు. తల్లి గర్భసంచి జబ్బు గురించి కొడుకు చేత చెప్పించడం, తండ్రికి ఎన్ని రోజులు ఉన్నాయో కూతురి చేత చెప్పించడం ధర్మమా? మాట చెప్పాక ఆ పిల్ల మళ్లీ పిల్లలా ఆడుకోగలదా?

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. మన జిల్లా నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దలు ఎందరో ఉన్నారు. అక్కడ ప్రభుత్వ సహాయం పొందే ఆస్పత్రిలో ఇంగ్లీషు రాని రోగికి ఖర్చు లేకుండా అనువాద సాయం ఇవ్వాలని నిబంధన ఉంది. తెలుగువాడైతే ఫోనులో తెలుగు అనువాదకుణ్ని కలుపుతారు. ప్రాణాపాయం వంటి అత్యవసరంలో తప్ప చిన్నపిల్లలను అనువాదానికి వాడరాదని 2016లో ఆ దేశ ఆరోగ్య శాఖ నియమం పెట్టింది. మన ఊరి అవ్వకు అంత దూరంలో తెలుగు దొరుకుతుంది. మన అడవిలో పుట్టిన కోయ అవ్వకు మన ఆస్పత్రిలో ఎదురయ్యేది తరచూ మనుమడి నోరే.

పంచుకుంటే బరువు తగ్గుతుంది

ఇతరుల గాయం వినీవినీ మనసుకు తగిలే దెబ్బను వైద్యులు పరోక్ష గాయమంటున్నారు. నిద్ర పట్టకపోవడం, విన్న మాటలే కలలోకి రావడం, చిన్నదానికే కోపం రావడం, ఆ పని పేరెత్తితేనే ఒళ్లు బిగుసుకుపోవడం దాని లక్షణాలు. ఇది బలహీనత కాదు. బస్తాలు మోసేవాడికి భుజం కాయకాచినట్టే ఇదీ పని వల్ల వచ్చేది. అయితే భుజం మీది కాయ కంటికి కనపడుతుంది, ఇది కనపడదు.

దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు. అనువాదం చేయించేవారు ముందుగా విషయం ఏమిటో ఆ మనిషికి చెప్పాలి. చావు కబురైతే ముందే చెప్పి, చెప్పగలవా అని అడగాలి. మాట్లాడేటప్పుడు చిన్న చిన్న మాటలుగా చెప్పి ఆగాలి. దుబాసీ వైపు కాక, రోగి ముఖం, సాక్షి ముఖం చూసి మాట్లాడాలి. అప్పుడు ఆ మాట ఎవరిదో అవతలి మనిషికి తెలుస్తుంది, నింద మధ్యవాడి మీద పడదు. కబురు చెప్పించి వెళ్లిపోకుండా డాక్టరు రెండు నిమిషాలు నిలబడినా ఆశా కార్యకర్తకు కొండంత అండ. మేస్త్రి తన బంధువుల సంగతే, తన మీది ఫిర్యాదే తర్జుమా చేయవలసి వస్తే వేరే మనిషిని పిలవాలి. పెద్దల సంగతులు పిల్లల చేత చెప్పించకూడదు. పని అయ్యాక పక్కన కూర్చోబెట్టి ఒక టీ తాగించి, ఎలా ఉందని అడగడం మరచిపోకూడదు.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. ఏజెన్సీ ఆస్పత్రులలో, కోర్టులలో కోయ తెలిసినవారిని అనువాదకులుగా నియమించి, తర్ఫీదు ఇచ్చి, రోజుకు ఇంత అని కట్టి ఇవ్వాలి. ఒక్కరినే కాక కనీసం ఇద్దరిని పెట్టాలి. అధికారులు కూడా నాలుగు కోయ మాటలు నేర్చుకుంటే బరువు సగం తగ్గుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1940లలో నిజాం కాలంలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వారి భాషలోనే వాచకాలు తయారు చేయించి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దాడు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా 8 గిరిజన భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు వచ్చాయి. బడికి చేయగలిగినది ఆస్పత్రికి, కోర్టుకు చేయలేమా?

మనసు బాగాలేనివారు మాట్లాడుకోవడానికి 2022 అక్టోబరు 10న కేంద్రం టెలిమానస్ పేరుతో ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మేస్త్రీలు, ఆశా కార్యకర్తలు ఈ నంబరు రాసి పెట్టుకోవాలి. రైతులు కూడా తమ చేనుకు వచ్చిన మేస్త్రికి చెప్పాలి.

మొన్న కోతల కాలంలో ఆ పాత మేస్త్రి మళ్లీ మన వైపు వచ్చాడు. చేను గట్టున కూలీలతో ఉండగా వెళ్లి, ఎలా ఉన్నావని అడిగాను. అలవాటు కొద్దీ కూలీల వైపు తిరిగి, ఎవరినడగమంటారు సార్ అన్నాడు. ఎవరినీ కాదు మేస్త్రీ, నిన్నే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.